పేకముక్కల కింద ఏం పరుచుకోవాలి?

ప్రశ్న: సార్, నేను పేకముక్కలతో, నాణేలతో క్లోజప్ మ్యాజిక్, అంటే ఎదురుగా దగ్గర కూర్చున్నవాళ్లకి చూపించే మ్యాజిక్, నేర్చుకుంటున్నాను. మా ఇంట్లో ఉన్నది నున్నటి బల్ల. దాని మీద నాణెం పెడితే టక్కున మోగుతుంది, తీయబోతే గోటికి అందదు. పేకముక్కలు కూడా బల్లకి అతుక్కుపోయినట్టే ఉంటాయి. దుప్పటి మడిచి వేసి చూశాను. పేక పరుస్తుంటే గుడ్డ ముడతలు పడి ముక్కలతో పాటే జరిగిపోతోంది. మ్యాజిక్ సామాన్లు అమ్మేచోట మంచి మ్యాట్లు ఉన్నాయి గానీ ఆ ధర నేను పెట్టలేను. తక్కువ ఖర్చులో దారి ఏదైనా ఉందా? ఇంట్లోనే చేసుకోవచ్చా? నల్లరంగే ఉండాలా? స్నేహితుల ఇళ్లకు తీసుకెళ్లి చూపించాలని కూడా ఉంది.

జవాబు: ఇంట్లోనే చేసుకోవచ్చు. శ్రద్ధగా చేస్తే కొన్న మ్యాట్‌కి ఏమాత్రం తీసిపోదు. మీరు దుప్పటి గురించి రాసిన మాటలోనే సగం జవాబు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

దుప్పటి మెత్తగానే ఉంటుంది. కానీ దాని పై మడత కింది మడతకి అంటుకుని ఉండదు. చెయ్యి జరిగినప్పుడు గుడ్డ కూడా జరుగుతుంది. మ్యాజిక్ మ్యాట్ చూడ్డానికి ఒక గుడ్డముక్కలాగే కనిపించినా, అందులో రెండు పొరలుంటాయి. అడుగున రబ్బరు లాంటి ఫోమ్, పైన నూగున్న గుడ్డ. ఈ రెండూ మొత్తం మీద అతుక్కుని ఒకే వస్తువుగా ఉండాలి. అడుగు పొర బల్లని పట్టుకుంటుంది, పై పొర అడుగు పొరని పట్టుకుంటుంది, ముక్కలు మాత్రం పైన స్వేచ్ఛగా జారతాయి. మనం కొన్నా, చేసుకున్నా చూడాల్సింది ఇదే.

గట్టి బల్ల మీద నాణెం ఎందుకు అందదో కూడా చూద్దాం. నాణేనికీ బల్లకీ మధ్య వేలి కొన దూరే సందు ఉండదు. మెత్తటి అడుగు మీదైతే వేలితో ఒక అంచు కాస్త నొక్కగానే అక్కడ ఫోమ్ దిగుతుంది, రెండో అంచు లేస్తుంది. పేకముక్క విషయంలోనూ అంతే. అంచు దగ్గర గుడ్డని వేలితో అదిమితే ముక్క కిందికి వేలు వెళ్లిపోతుంది. గోటితో గీకుతూ తంటాలు పడే అవసరం రాదు. చూసేవాళ్ల కళ్లకి ఆ తీయడం మామూలుగా, తేలిగ్గా కనిపించాలి. మన కళలో ఆ తేలికే ప్రాణం. మ్యాట్ కోసం ఇంత ఆలోచించడం దండగ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ముందు, ఏమీ చేసుకోకుండానే దొరికే వాటి గురించి చెబుతాను. కంప్యూటర్ మౌస్ కింద వేసే ప్యాడ్ ఉంటుంది కదా, అది పుట్టుకతోనే రెండు పొరల వస్తువు. కింద రబ్బరు, పైన గుడ్డ. చిన్నది నాణేల సాధనకి సరిపోతుంది. గేమ్స్ ఆడేవాళ్లు కీబోర్డు కూడా పట్టేలా బల్లంతా పరుచుకునే పెద్ద ప్యాడ్లు వస్తాయి. సాధారణంగా 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం. అలాంటిది ఒకటి తీసుకుంటే పేక సాధన ఆ రోజే మొదలుపెట్టొచ్చు. ట్రేడింగ్ కార్డుల ఆటలు ఆడేవాళ్ల ప్లేమ్యాట్లు కూడా ఈ జాతివే. అవి దాదాపు 61 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి.

వీటి మీద ముక్కలు హాయిగా జారతాయి. కానీ మందం తక్కువ కాబట్టి నాణేలకి అంత బాగుండవు. ప్లేమ్యాట్లలో 2 మిల్లీమీటర్లవి చాలా ఉంటాయి, వాటి కింద ఇంకో పల్చటి ఫోమ్ షీట్ వేసుకుంటే పని జరుగుతుంది. కొనేముందు అంచులు చూడండి. చుట్టూ దారంతో కుట్టిన అంచు ఎత్తుగా ఉంటే, మ్యాట్ మీద నుంచి ముక్కలు మీ వైపు లాక్కునేటప్పుడు అక్కడ తగులుకుంటాయి. ఇంకో మాట, వాటి మీద రాక్షసుల బొమ్మలు, మెరిసే అక్షరాలు లేకుండా చూసుకోండి. చూసేవాళ్ల కళ్లు మీ చేతుల మీద ఉండాల్సిన సమయంలో బొమ్మ వాళ్లని లాగేస్తుంది. ఒకే రంగు, ఏ గీతా లేనిది దొరికేదాకా వెతకండి.

ఇక చేసుకోవడం. ఇందులో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. అడుగు ఫోమ్ ఎక్కడ తక్కువకి దొరికితే అక్కడ తెచ్చుకోండి, పై గుడ్డ విషయంలో మాత్రం రాజీపడకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మందపాటి ఫోమ్ కోసం ఊరంతా తిరిగి, దాని మీద ఇంట్లో ఉన్న ఏదో ఒక గుడ్డ అతికిస్తారు. ముక్కలు తగిలేది గుడ్డకి, ఫోమ్‌కి కాదు.

ఫోమ్ సంగతి ముందు ముగిద్దాం. యోగా మ్యాట్ దీనికి బాగా పనికొస్తుంది. మామూలు యోగా మ్యాట్ సుమారు 61 సెంటీమీటర్ల వెడల్పు, 173 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పొడవుని 42 సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఒక్కదానిలో నాలుగు పెద్ద మ్యాట్లకి సరిపడా అడుగు వస్తుంది. పాతది, ఒక చివర చిరిగిపోయినది అయినా ఫర్వాలేదు, బాగున్న భాగం కోసుకోండి. నాలుగైదు మిల్లీమీటర్ల మందం చాలు, ఆరు దాటొద్దు. ఒక వైపు గాడులుంటే ఆ వైపు కిందికి రావాలి. లేకపోతే ఆ గాడులు గుడ్డలోంచి పైకి తెలుస్తాయి, నాణెం నిలకడగా ఉండదు. క్రాఫ్ట్ పనులకి వాడే ఈవీఏ అనే ఫోమ్ షీట్లు కూడా మంచివే. ఈత కొట్టేవాళ్ల సూట్లకి వాడే నియోప్రీన్ దొరికితే అంతకంటే కావాల్సింది లేదు.

సోఫాలో నింపే స్పాంజి మాత్రం వద్దు. అది మరీ దిగిపోతుంది, నెమ్మదిగా లేస్తుంది. మీరు రేపు కప్పులు, బంతుల మ్యాజిక్ మొదలుపెడితే కప్పు దాని మీద ఒరిగిపోతుంది. సరైన ఫోమ్‌ని గుర్తుపట్టడం తేలిక. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలేస్తే గుంట వెంటనే మాయమవ్వాలి. దాని మీద గాజు గ్లాసు పెట్టి పక్కన వేలితో నొక్కితే గ్లాసు కదలకుండా ఉండాలి.

గుడ్డ దగ్గరికి వద్దాం. బట్టల షాపుకి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడే పేక కట్ట, ఒక నాణెం జేబులో వేసుకెళ్లండి. గుడ్డ పేరు కన్నా, దాని మీద మీ పేక ఎలా జారుతోందన్నదే ముఖ్యం. షాపు వాళ్లని అడిగి, గుడ్డని గట్టి బల్ల మీద పరిచి ఒక చేత్తో రెండు కొసలు బిగించి పట్టుకోండి. రెండో చేత్తో పేకని అర్ధచంద్రాకారంలోనో, సూటిగానో పరవండి. ముక్కల మధ్య ఎడం ఒకేలా వస్తోందా? లేక కొన్ని గుంపుగా, కొన్ని దూరంగా పడుతున్నాయా? తర్వాత చివరి ముక్కని లేపి వరసంతా ఒక్కసారిగా తిరగెయ్యండి. అల సాఫీగా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తే ఆ గుడ్డ పనికొస్తుంది. మధ్యలో ముక్కలు జారి వరస విరిగిపోతే గుడ్డ మరీ నున్నగా ఉన్నట్టు. ముక్కలు అసలు కదలనంటే నూగు ఎక్కువైనట్టు.

ఈ పరీక్షలో ఎక్కువగా గెలిచేది సోఫా కవర్లకి వాడే నకిలీ స్వేడ్, అంటే నూగున్న తోలులా కనిపించే గుడ్డ. పొట్టి నూగు, సాగదు, పోగులు రాలవు. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర మిగిలిపోయిన ముక్కలు మీకు కావాల్సిన సైజులో దొరకొచ్చు, మొహమాటపడకుండా అడగండి. వెల్వెట్‌లో పొట్టి నూగు రకమైతే చాలా అందంగా ఉంటుంది. పొడుగు నూగుదైతే ముక్క అంచులు అందులో దిగబడతాయి. క్రాఫ్ట్ షాపుల్లో దొరికే సింథటిక్ ఫెల్ట్ (నేయకుండా పోగుల్ని అదిమి చేసిన గుడ్డ) అన్నిటికన్నా చవక. మొదటి ప్రయత్నానికి వాడొచ్చు. కానీ వాడుతున్నకొద్దీ దాని మీద చిన్న చిన్న ఉండలు కడతాయి, పోగులు లేచి ముక్కలకి అంటుకుంటాయి. ఉన్ని కలిసిన ఫెల్ట్ అయితే ఎక్కువ కాలం బాగుంటుంది. పట్టు, శాటిన్, టెర్రికాట్ వైపు చూడకండి.

నూగు వాలు గురించి ఒక మాట. స్వేడ్ మీద గానీ, వెల్వెట్ మీద గానీ అరచేత్తో రాస్తే ఒక వైపు నున్నగా పోతుంది, ఎదురు వైపు గరుగ్గా అడ్డుతుంది, రంగు కూడా కొంచెం ముదురుగా మారుతుంది. పేక పరిచేటప్పుడు మీ చెయ్యి నున్నటి వైపే వెళ్లాలి. కుడిచేతి వాటం వాళ్లు సాధారణంగా ఎడమ నుంచి కుడికి పరుస్తారు కాబట్టి నూగు ఎడమ నుంచి కుడికి వాలేలా గుడ్డని పెట్టుకోవాలి. ఎడమచేతి వాటమైతే తిరగెయ్యాలి. అతికించేముందే ఇది తేల్చుకుని, గుడ్డ వెనక, ఫోమ్ అడుగున పెన్నుతో బాణం గుర్తు వేసుకోండి. ఒకే గుడ్డ మీద ఒక రోజు పేక బాగా పరుచుకుని, మరో రోజు మొరాయిస్తే చాలావరకు కారణం ఇదే. మనం చేతుల్ని తిట్టుకుంటూ కూర్చుంటాం, మ్యాట్ తిరగబడి ఉంటుంది.

అతికించడంలో తొందర వద్దు. మనం కాగితాలకి, చెక్కకి వాడే తెల్ల జిగురు నీళ్లతో చేసింది. అది గుడ్డలోకి ఇంకి, ఆరాక అట్టలా గట్టిపడుతుంది. గుడ్డలకి వాడే స్ప్రే గమ్ అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే చెప్పులు అతికించే రబ్బరు సొల్యూషన్ పల్చగా పూయొచ్చు. కొన్ని సొల్యూషన్లు కొన్ని రకాల ఫోమ్‌ని తినేస్తాయి. థర్మాకోల్ అయితే కరిగిపోతుంది. అందుకే ముందు చిన్న ముక్క మీద రాసి ఒక రోజు ఆగి చూడండి. కిటికీలు తెరిచిన చోటో, ఆరుబయటో చెయ్యండి. దగ్గరలో మంట ఉండకూడదు. ఆ వాసన పీల్చడం మంచిది కాదు, చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి.

గుడ్డ, ఫోమ్ రెండింటినీ కావాల్సిన సైజు కన్నా అన్ని వైపులా కాస్త పెద్దగా కోసుకోండి. గుడ్డకి ముడతలుంటే ఇస్త్రీ ముందే చేసెయ్యాలి, అది కూడా వెనక వైపు నుంచి, తక్కువ వేడితో. రెండు ముఖాలకీ జిగురు పల్చగా పట్టించి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగాలి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు గుడ్డని ఒక అంచు నుంచి నెమ్మదిగా పరుస్తూ, అరచేత్తో మధ్య నుంచి పక్కలకి రాస్తూ రండి. గుడ్డని లాగి బిగించకండి. ఇక్కడే చాలా మ్యాట్లు పాడవుతాయి. సాగదీసి అతికించిన గుడ్డ తర్వాత ముడుచుకోవాలని చూస్తుంది, దాంతో మ్యాట్ అంచులు పైకి లేస్తాయి. అతికించాక చదునైన చోట పెట్టి, పైన పలకో అట్టో వేసి, బరువైన పుస్తకాలు పేర్చి రాత్రంతా వదిలెయ్యండి.

అసలు సైజుకి కోయడం అంతా ఆరాకే. అప్పుడే గుడ్డ, ఫోమ్ ఒకే గీతలో తెగుతాయి. కత్తెర వాడితే అంచు వంకరపోతుంది. స్టీల్ స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్ తీసుకోండి. మ్యాట్‌ని బోర్లా వేసి ఫోమ్ వైపు నుంచి, ఒకే గీత మీద తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి. ఒక్క దెబ్బకి తెంచాలని నొక్కితే ఫోమ్ అంచు ఏటవాలుగా పోతుంది. మూలలు నాణెం పెట్టి కొంచెం గుండ్రంగా కోస్తే గుడ్డ అక్కడ ఊడిపోకుండా ఎక్కువ రోజులు నిలుస్తుంది. అంచుకి కుట్టు, పైపింగ్ ఏమీ వద్దు.

ఎంత సైజు? ఇది లెక్క వేసి చూడొచ్చు. మామూలు పోకర్ సైజు ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు, పొడవు 88. మొత్తం 52 ముక్కలు పరిచి, ఒక్కోటీ 8 మిల్లీమీటర్లు కనబడేలా వదిలితే వరస 47 సెంటీమీటర్లు వస్తుంది. అటూ ఇటూ కాస్త చోటు కలుపుకుంటే 58 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు చక్కగా సరిపోతుంది. మ్యాజిక్ షాపుల్లో పెద్ద రకంగా అమ్మే 16 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు మ్యాట్ కూడా దాదాపు ఇంతే. చిన్న రకం 11 అంగుళాలు, 16 అంగుళాలు. మీరు స్నేహితుల ఇళ్లకి తీసుకెళ్లాలనుకుంటున్నారు కాబట్టి ఈ చిన్నది కూడా చేసుకోండి. అది బ్యాగులో మడత పడకుండా పడుతుంది. ఎదుటివాళ్ల బల్ల మీద సగం చోటు ఆక్రమించదు. దాని మీద పేకంతా పరవలేరు, కానీ నాలుగు ముక్కల మ్యాజిక్, నాణేలు, చిన్న కప్పులు అన్నీ చెయ్యొచ్చు. నిజానికి చిన్న మ్యాట్ ఒక మేలు కూడా చేస్తుంది. చూసేవాళ్లు ఎక్కడ చూడాలో అదే హద్దు గీస్తుంది.

రంగు నలుపే అవ్వాలని ఎక్కడా లేదు. నలుపు మీద వెండి రంగు నాణేలు, తెల్ల అంచు ముక్కలు బాగా తేలతాయి, అందుకే అంత వాడుక. కానీ దుమ్ము, పోగులు, వెంట్రుకలు కూడా అంతే బాగా కనబడతాయి. ముదురు రంగు వస్తువులు నలుపులో కలిసిపోయి చూసేవాళ్లకి అందవు. ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఫ్రేమంతా నల్లగా ఉండటంతో కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తెల్లటి ముక్కల మీద గుర్తులు వెలిసిపోయినట్టు పడతాయి. ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం నాకు ఇష్టం. కళ్లకి హాయిగా ఉంటాయి, వెనక వైపు ఎరుపున్న పేకా, వెనక వైపు నీలమున్న పేకా రెండూ ఆకుపచ్చ మీద విడిగా కనిపిస్తాయి. మీరు రాగి రంగు నాణేలు వాడితే గోధుమ రంగు, మెరూన్ వద్దు. నలుపుని ఎంచుకోవడానికి మ్యాజిషియన్లకి మరో కారణం కూడా ఉంది. అది పద్ధతులకి సంబంధించినది కాబట్టి అందరూ చదివేచోట రాయను. మీరు నేర్చుకుంటూ వెళ్తే మీకే ఎదురవుతుంది.

మ్యాట్ మంచిదైనకొద్దీ ఒక ప్రమాదం వస్తుంది, అది కూడా చెప్పాలి. దానికి అలవాటైన చేతులు అది లేనిచోట తడబడతాయి. హైరోనిమస్ బాష్ అనే డచ్ చిత్రకారుడి పేరుతో ప్రసిద్ధమైన పాత చిత్రం ఒకటుంది. 16వ శతాబ్దం తొలినాళ్లదని చెబుతారు. అందులో గారడీవాడు కప్పులు, బంతులతో నిలబడి ఉంటాడు, జనం నోళ్లు తెరుచుకుని చూస్తుంటారు. అతని ముందున్నది ఉత్త బల్ల. అంతకు చాలా ముందే, రోమన్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో గారడీవాళ్ల కప్పుల గురించి రాశాడు. మ్యాట్లు లేని కాలంలోనే ఈ కళ ఇంత దూరం వచ్చింది.

కాబట్టి సాధనలో కొంత భాగం ఉత్త బల్ల మీద కూడా చెయ్యండి. నాణేన్ని గోటితో తీయడానికి బదులు వేళ్లతో బల్ల అంచుదాకా జార్చి రెండో చేతిలోకి తీసుకోవడం అలవాటు చేసుకోండి, చూడ్డానికి అది ఎంతో సహజంగా ఉంటుంది. ఒంటరి ముక్కని బల్ల మీద పెట్టాల్సినప్పుడు చిన్న కట్ట మీద అడ్డంగా, ఒక అంచు బయటికి ఉండేలా పెడితే తీయడం కష్టం కాదు. ముక్కనో నాణేన్నో చూసేవాళ్ల అరచేతిలో పెట్టే మ్యాజిక్‌లు కొన్ని నేర్చుకోండి. వాటికి బల్లే అక్కర్లేదు, పైగా వాళ్ల చేతిలో జరిగినదాన్ని మనుషులు త్వరగా మర్చిపోరు. స్నేహితుడి ఇంటికి మ్యాట్ లేకుండా వెళ్లిన రోజున ఒక మందపాటి పత్రిక మీద వాళ్ల చేతి తువ్వాలు బిగువుగా చుట్టి, అంచులు కిందికి మడిస్తే ఒక చిన్న మ్యాట్ తయారవుతుంది. గుడ్డ జారకుండా బిగించడమే అందులో కిటుకు. మీరు దుప్పటితో ఈ రాత్రి సాధన చెయ్యాలన్నా ఇదే పద్ధతి. ఒక అట్టని గానీ, పెద్ద పుస్తకాన్ని గానీ పల్చటి గుడ్డ మడతతో బిగించి చుట్టండి.

మ్యాట్‌ని వీలైనంతవరకు చదునుగా పెట్టుకోండి. మంచం పరుపు కింద పెడితే చాలు. చుట్టి తీసుకెళ్లాల్సి వస్తే గుడ్డ వైపు బయటికి ఉండేలా చుట్టండి. అందరూ గుడ్డ మాసిపోతుందని లోపలికి చుడతారు, అప్పుడు బల్ల మీద పరిచాక అంచులు పైకి లేచి ముక్కలకి అడ్డొస్తాయి. బయటికి చుడితే అంచులు బల్ల వైపు వంగి అణిగి ఉంటాయి. మాసిపోకుండా పైన ఒక పాత దిండు గలీబు తొడగండి. దుమ్ము పోగులకి వెడల్పాటి సెలోటేప్ జిగురు వైపు అద్ది తీస్తే సరిపోతుంది. మరకపడితే తడి గుడ్డతో నూగు వాలుగా తుడిచి నీడలో ఆరబెట్టండి. వాషింగ్ మెషిన్‌లో వేస్తే జిగురు వదిలేస్తుంది, ఎండలో పెడితే రంగు పోతుంది. చేతులు కడుక్కుని కూర్చోండి, టీ కప్పుని పక్క బల్ల మీద పెట్టండి.

ముందు చిన్న మ్యాటే చెయ్యండి. జిగురు ఎంత పూయాలో, ఎంతసేపు ఆగాలో, కట్టర్ ఎలా లాగాలో మీ చేతికి తెలుస్తుంది. ఒకవేళ అది వంకరగా వచ్చినా పోయేది తక్కువే. పెద్దదానికి ఉంచుకున్న మంచి గుడ్డని ఆ తర్వాతే కొయ్యండి.